నడిపి చూడని బండి

మిట్టమధ్యాహ్నం. రేకుల షెడ్డులో జాకీ మీద ఒక కారు, దాని కింద మెకానిక్. పక్కనే చేతిలో సంచీతో నిలబడి ఉన్నది పెద్దాయన కూతురు. పెద్దాయన పాతికేళ్ళుగా ఈ షెడ్డుకే బండి ఇస్తూ వచ్చాడు. ఇకమీదట ఇవ్వడు.

"ఆ బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు బయటికి రండి మేస్త్రీ."

"ఒక్క నట్టమ్మా. బిగించేసి వచ్చేస్తా."

"నేనొచ్చి పావుగంటైంది. పావుగంట నుంచీ ఒకటే నట్టా?"

"తుప్పు పట్టిందమ్మా. మొండికేసింది."

"మొండికేసింది నట్టు కాదు. మీ కాళ్ళతో మాట్లాడి పోవడానికి రాలేదు నేను. రండి."

"వస్తున్నా, వస్తున్నానమ్మా. అలా కూర్చోండి. ఉండండి, గ్రీసు అంటుకుంటుంది, గుడ్డ వేస్తా. మంచినీళ్ళు ఏమన్నా..."

"ఏమీ వద్దు. అమ్మ పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. మా ఇంటివైపు తొంగి కూడా చూడలేదు మీరు."

"రావాలనే అనుకున్నానమ్మా. ఏ మొహం... ఏ టైములో రావాలో తెలీక."

"ఏ మొహం పెట్టుకుని రాను అనబోయారు."

"లేదమ్మా. టైమే."

"సరే. సూటిగా అడుగుతా, సూటిగా చెప్పండి. మీరు బ్రేకులు బాగుచేసి ఇచ్చిన పదకొండో రోజున నాన్న అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు. దిగుడు రోడ్డు మీద బండి ఆగలేదు, పోయి గోడకి గుద్దింది. ఆ రోజు బ్రేకులు పనిచేశాయా లేదా?"

"బ్రేకులు బాగానే ఉన్నాయమ్మా. పెద్దాయనే కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. వయసు కదా. ఎవరికైనా జరుగుతుంది."

"ఇది మీకెవరు చెప్పారు?"

"అందరూ అదే అంటున్నారు కదమ్మా."

"అందరూ అనట్లేదు. మా నాన్న ఒక్కడే అంటున్నాడు, ఆయన నోట విని మిగతావాళ్ళు అంటున్నారు. బండి ముందుభాగం పచ్చడైపోయింది, చూసినవాళ్ళకి ఏమీ తేలలేదు. ఆయనే ఒప్పుకుంటుంటే ఇంక తేల్చాల్సిందేముంది అన్నారు పోలీసులు."

"మరి ఆయనే చెప్తున్నప్పుడు మనమెందుకమ్మా..."

"రేపు పదింటికి స్టేషన్‌కి వెళ్ళి అదే రాసి సంతకం పెడతానంటున్నాడు. తెలుసా మీకు? నా నిర్లక్ష్యం వల్లే నా భార్య పోయింది అని. లాయరు వద్దని మొత్తుకున్నాడు. సంతకం పెడితే జైలు తప్పదన్నాడు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. కాలికి ఇంకా కట్టు విప్పలేదు."

"రేపేనా?"

"రేపే. అన్నయ్య ఆపడు. అమ్మని చంపింది నువ్వేనని మొహం మీదే అనేశాడు. పిల్లల్ని ఆయన గదిలోకి పోనివ్వట్లేదు. మూడేళ్ళ బుడ్డది తలుపు దగ్గర నిలబడి తాతా, తాతా అంటుంటే లోపల్నించి ఆయన పలకట్లేదు. వింటున్నారా?"

"వింటున్నానమ్మా."

"చేతిలో ఆ స్పానర్ పక్కన పెట్టి వినండి."

"పెట్టేశా. మీ ఫోను మోగుతోందమ్మా."

"అన్నయ్యే. ఆ, చెప్పు. షెడ్డులో ఉన్నా. అవును, మేస్త్రీ దగ్గరే. నాకు పనిలేక కాదు, ఉండే వచ్చాను. నాన్న తిన్నాడా? కంచం గుమ్మం దగ్గర పెట్టేసి రావడం కాదు, లోపలికెళ్ళి తినిపించాలి. వదినకి చెప్పు. సరే, మీరెవరూ వెళ్ళక్కర్లేదు. నేనొచ్చి పెడతాలే. పెట్టెయ్ ఫోను."

"పెద్దాయన అన్నం మానేశారా?"

"మానేశాడో, మేమే మాన్పించామో. ఆయనెలా నడుపుతాడో మీకు తెలీదా? మా చిన్నప్పుడు ఇంట్లో అందరం ఆటపట్టించేవాళ్ళం, నాన్న బండెక్కితే నడిచి బయల్దేరినవాళ్ళు మనకంటే ముందు చేరతారని. కోడిపిల్ల అడ్డొస్తే ఆపి, దిగి, దాన్ని తోలి, మళ్ళీ ఎక్కేవాడు. ఆ మనిషి బ్రేకుకి బదులు ఇంకోటి తొక్కాడంటే నేను నమ్మను."

"నమ్మాలమ్మా. పెద్దాయన గొప్పగా నడుపుతారు, కాదన్లేదు. కానీ అంత దిగుడులో, కాలు నేలదాకా పోయాక ఎంత మొనగాడైనా ఏం చేస్తాడు చెప్పండి."

"ఏమన్నారు?"

"ఏమన్లేదే."

"కాలు నేలదాకా పోయిందన్నారు. ఏ కాలు? యాక్సిలరేటర్ తొక్కాడని ఇప్పుడే కదా అన్నారు?"

"అదే... అది మాటవరసకి."

"మాటవరసకి. అయితే ఈ సంచీలో ఏముందో కూడా మాటవరసకి చూడండి."

"ఏంటమ్మా అది?"

"మీరు కట్టిందే, గుర్తుపట్టలేదా? రిపేరు చేసిన ప్రతిసారీ తీసేసిన పాత సామాను పేపర్లో చుట్టి డిక్కీలో పెడతారు కదా, కొత్తవి వేశామని చూసుకోవడానికి. మీ షెడ్డు పద్ధతి. నాన్న పదిమందికి చెప్పుకునేవాడు, నిజాయితీ అంటే మా మేస్త్రీదే అని."

"అది నాకిచ్చెయ్యండమ్మా."

"ఇవ్వను. నేనే విప్పుతా. ముందు చక్రాలు రెండింటికీ బ్రేకు ప్యాడ్లు మార్చారు. నాలుగు తీసి నాలుగు వేశారు. అంటే మూటలో నాలుగూ పాతవే ఉండాలి. ఇది పాతది. ఇదీ పాతదే, అరిగి రేకైపోయింది. మరి ఇదేంటి? ఈ పక్కదేంటి? మందం చూడండి. మీదున్న అక్షరాలు కూడా చెరగలేదు."

"ఆ మూట కట్టెయ్యండమ్మా."

"నాకు బండి పని తెలీదు. లెక్క తెలుసు. కొత్తవి మూటలోకి వస్తే చక్రానికి ఏం వేసినట్టు?"

"కుడి చక్రానికి..."

"గట్టిగా చెప్పండి."

"కుడి చక్రానికి పాతవే వేశానమ్మా. తీసినవే తిరిగి వేసేశాను. కొత్తవీ పాతవీ ఒకే పేపరు మీద పెట్టుకున్నా, కలిసిపోయాయి. అరిగిపోయినవి కదా, పది రోజులు ఓర్చుకుని జారిపోయి ఉంటాయి. జారితే బ్రేకు ఆయిలంతా కారిపోతుంది. ఇంక ఎంత తొక్కినా కాలు నేలకే."

"పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నావు. అరిగిన రేకుకీ కొత్తదానికీ తేడా తెలీలేదా నీకు?"

"కళ్ళు మూసుకుని పట్టుకున్నా తెలుస్తుందమ్మా. ఆ రోజు చేతిలో ఏముందో చూసుకోలేదు."

"ఎందుకు చూసుకోలేదు?"

"పని తొందర."

"పని తొందర! పనయ్యాక దిగుడుదాకా నడిపి చూసి గానీ తాళం ఇవ్వవు కదా ఎవరికీ? నడిపితే తెలిసేది కాదా?"

"నాకు తెలిసేది. మీకు తెలీదు, పెద్దాయనకీ తెలీదు. బండి కాస్త ఓ పక్కకి లాగుతుంది, సన్నగా గీరినట్టు చప్పుడొస్తుంది. కొత్తవి కదా, సర్దుకుంటున్నాయిలే అనుకుంటారు ఎవరైనా. నేనైతే మొదటి బ్రేకుకే పట్టుకునేవాణ్ణి."

"మరి నడిపి చూడలేదా?"

"చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

"చూడలేదమ్మా, అంతే. తప్పు నాది. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"తప్పు నాదట. ఇరవై రోజులుగా మా ఇంట్లో ఒక మనిషిని బతికుండగానే పాతిపెట్టాం. నువ్వేమో ఇక్కడ హాయిగా నట్లు బిగించుకుంటూ కూర్చున్నావు."

"కూర్చోలేదమ్మా. మూడో రోజే ఆస్పత్రికి వెళ్ళా. మీరెవరూ లేని టైము చూసుకుని. పెద్దాయన మంచం పక్కన కూలబడ్డా. నేనే చంపానయ్యా, స్టేషన్‌కి పోయి చెప్పేస్తా అన్నా."

"నాన్నకి తెలుసా?"

"మొదట్నించీ తెలుసు. తొక్కిన కాలు ఆయనదే కదా. కాలి కింద బ్రేకు లేదని ఆయనకి తెలీదా?"

"తెలిసి... తెలిసి కూడా..."

"వద్దన్నారు. పోలీసులకి నేనే చెప్పుకున్నా, నువ్వు నోరు విప్పొద్దని నా రెండు చేతులూ పట్టుకున్నారు. నాకూ భయమే, అబద్ధమెందుకు. బతికిపోయాననుకున్నా. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం."

"నాన్నెప్పుడూ ఇంతే. ఎవరినో గట్టెక్కించి తను మునిగిపోవడం. నీకోసం ఆయన జైలుకి పోవాలా? ఆయనకేం ఖర్మ? రేపు పదింటికి నువ్వు మాతో వస్తున్నావు, ఈ మూట పట్టుకుని. ఆయన సంతకం పెట్టకముందే ఎస్సై ముందర నిలబడి చెప్తావు."

"ఆయనకి మాటిచ్చానమ్మా."

"నీ మాట నిలబెట్టడానికి మా నాన్న కటకటాల వెనక కూర్చోవాలా? వస్తావా, పోలీసుల్నే ఇక్కడికి పిలవనా?"

"వస్తాను. తప్పించుకోవాలని లేదు నాకు. కానీ వాళ్ళు ఊరుకోరు కదమ్మా. నడిపి చూడకుండా బండి ఎందుకిచ్చావని అడుగుతారు. మీరూ అడిగారు, నేను దాటేశాను. వాళ్ళ దగ్గర దాటేస్తే కుదరదు."

"దాటెయ్యమని ఎవరన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు. ఇంకా ఏం మిగిలిందని నీకు భయం?"

"నా భయం కాదమ్మా. పెద్దాయన చేతులు పట్టుకుంది నాకోసం కాదు."

"మరెవరికోసం?"

"ఇంక అడక్కండి. ఇంటికెళ్ళి ఆయనకి అన్నం పెట్టండి. పొద్దున్నే నేనొక్కణ్ణే పోయి రాసిస్తా. తాగి పనిచేశానని చెప్తా."

"నువ్వు తాగవు. ఎవరికోసం?"

"అమ్మా, వదిలెయ్యండి."

"ఎవరికోసం మేస్త్రీ?"

"ఆ రోజు బండి తీసుకెళ్ళడానికి ఎవరొచ్చారు?"

"నేనే."

"ఎప్పుడు రమ్మన్నాను?"

"మర్నాడు పొద్దున. పదింటికి."

"మీరు ఆ సాయంత్రమే వచ్చారు. మర్నాడు ఆఫీసువాళ్ళతో ఎక్కడికో సరదాగా పోవాలి, బండి లేకపోతే కుదరదన్నారు. ఇక్కడే కూర్చున్నారు. నిమిషానికోసారి అయిందా, అయిందా అన్నారు. నేను కుడి చక్రం దగ్గరున్నప్పుడు ఎవరికో ఫోను చేసి, ఎదురుగా కూర్చుంటే గానీ వీళ్ళ చేతులు కదలవు అన్నారు. నిజమే, గబగబా కదిలాయి."

"నేను..."

"పది నిమిషాలమ్మా, ఒక్క చుట్టు నడిపి చూసి ఇస్తానన్నా. తాళం నా చేతిలోంచి తీసేసుకున్నారు. ఇంటిదాకా నేనే నడుపుతాగా, అదే నడిపి చూడటం అన్నారు. నవ్వారు. నేనూ నవ్వా. నేను ఇవ్వకుండా ఉండాల్సింది. ఎవరు లాక్కున్నా ఇవ్వకుండా ఉండాల్సింది. అందుకే తప్పు నాదంటున్నా, నాదే. కానీ స్టేషన్‌లో అడిగితే ఇదంతా చెప్పాలి. వాళ్ళు రాసుకుంటారు. రేపు మీ అన్నయ్య చదువుతారు. పెద్దాయన నాతో ఒక్కటే అన్నారమ్మా. నా భార్య ఎలాగూ పోయింది, ఈ మాట చెవినపడితే నా కూతురు బతకదు, అది తెలీకుండా బతకనీ అన్నారు."

"నువ్వెందుకు చెప్పావు ఆయనకి? ఆస్పత్రిలో, అంత దెబ్బలతో ఉన్న మనిషికి, నేను తాళం లాక్కున్నానని ఎందుకు చెప్పాలి నువ్వు?"

"నేను చెప్పలేదమ్మా. నేను వెళ్ళేసరికే ఆయనకి తెలుసు. ఆ రాత్రి భోజనాల దగ్గర మీరే చెప్పారట, మేస్త్రీని ఎలా పరుగులు పెట్టించి బండి తెచ్చారో, నాలా నటించి చూపించి మరీ. మీ అమ్మగారు పడీపడీ నవ్వారట."