దారం కొరికిన పళ్లు

అధ్యక్షస్థానంలో ఉన్న సూపరింటెండెంట్ గారికి, వేదిక మీది పెద్దలకి, ఇన్నేళ్లూ నా పక్కన నిలబడి లైటు పట్టిన కాంపౌండర్ గారికి, ఒకసారి నా కుర్చీలో కూర్చుని కూడా మళ్లీ ఈ ఆసుపత్రి గడప తొక్కే ధైర్యం చేసిన నా పాత పేషెంట్లకి, నా రిటైర్మెంటు సభకి వచ్చిన అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇందాక సూపరింటెండెంట్ గారు నా చెయ్యి చాలా తేలికన్నారు. పెద్ద మనసుతో అన్న మాట, కాదనను. కానీ ఆయన ఆ మాట అంటున్నప్పుడు రెండో వరుసలో పోస్ట్‌మాన్ గారి చెయ్యి తనంతట తానే బుగ్గ మీదికి వెళ్లడం నేను చూశాను. (నవ్వులు) ఇలా చూడటం నాకు నయం కాని జబ్బు. పెళ్లికి వెళ్లినా పరామర్శకి వెళ్లినా ఎదుటివాళ్ల మాట సగమే వింటాను, పళ్లు మాత్రం పూర్తిగా చూస్తాను. ఈ రోజూ అంతే. ఐసు వేసిన నిమ్మరసం పంచారు కదా, నా గురించి మంచిమాటలు చెబుతున్నంతసేపూ నేను మీరు గ్లాసులు ఎత్తడమే చూస్తూ కూర్చున్నాను.

ఒకావిడ మొదటి గుక్కకే కళ్లు మూసుకున్నారు. ఒకాయన తల ఓ పక్కకి వాల్చి కుడివైపు నుంచే మింగారు. ఆయనెవరో చెప్పకూడదు గానీ, అధ్యక్షస్థానంలో ఉన్నారు. (నవ్వులు) క్షమించండి సార్, రేపటి నుంచి మీరు నా పై అధికారి కారు కాబట్టి చెబుతున్నాను: మీరు పళ్లు తోమరు, మాడిన గిన్నె తోముతారు. గట్టి బ్రష్షుతో అలా రుద్దితే చిగుళ్లు తగ్గిపోయి పంటి మొదలు బయటపడుతుంది. పైనున్నంత గట్టి పూత అక్కడ ఉండదు. అందుకే చల్లటి నీళ్లు తగిలినా, వేడి టీ తగిలినా లోపలి నరం దాకా వెళ్లి జివ్వుమంటుంది. పులుపు తిన్న వెంటనే తోమినా, నిద్రలో పళ్లు కొరికినా, పన్ను పుచ్చినా, బీట పడినా ఇదే గొడవ.

ఏం చెయ్యాలో అరిగిపోయిన రికార్డులా మీకు చెబుతూనే వచ్చాను. మెత్తని బ్రష్షు వాడండి. పుల్లటిది తాగాక నీళ్లు పుక్కిలించి, ఓ అరగంట ఆగి తోముకోండి. ఇలాంటి పళ్ల కోసమే అమ్మే పేస్టు రెండు పూటలా వాడి, ఉమ్మేశాక నోరంతా కడిగెయ్యకుండా ఉండండి. రెండు రోజులు వాడి "ఇదేం పని చెయ్యట్లేదమ్మా" అని నా మీదికి రాకండి, దానికి వారాలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రి ఉంది: పంటికి మందు పూత పూస్తాం, అరిగినచోట నింపుతాం, నిద్రలో కొరికేవాళ్లకి తొడుగు చేసిస్తాం.

ఒక్కమాట మాత్రం నవ్వకుండా వినండి. జివ్వుమన్నది గ్లాసు దించగానే పోతే చాలావరకు పైపై గొడవే. వేడి తగిలాక నొప్పి పోకుండా నిలబడిపోయినా, ఏమీ తగలకుండానే వస్తున్నా, లోపల నరం చెడుతోందన్నమాట. అప్పుడు ఇంటి చిట్కాలతో కాలక్షేపం చెయ్యకూడదు. పంటి బిగువున ఓర్చుకునేవాళ్లని మనం గొప్పవాళ్లంటాం. నా దగ్గర పళ్లు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ గొప్పవాళ్లే.

ఇప్పుడు నా సొంత విషయం. మూడో వరుసలో, స్తంభం పక్కన, నిమ్మరసం గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఇంతవరకూ ఒక్క గుక్క కూడా తాగని ఆవిడ మా అక్క. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరగకండి, ఆవిడకి మొహమాటం.

అమ్మ పోయేనాటికి నా జడ నేను వేసుకోవడం రాదు నాకు. అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది, నేను డాక్టరునయ్యేదాకా లేవలేదు. మాకున్నది ఒక్క గది. ఈ మూల నా పుస్తకాలు, ఆ మూల మిషను. కత్తెర ఎప్పుడూ బట్టల కిందే ఎక్కడో ఉండేది. దాన్ని వెతికే తీరిక లేక అక్క దారం పళ్లతో కొరికేసేది. గుండీ కుట్టినా కొరకడమే, అంచు మడిచినా కొరకడమే. ఆ పుటుక్కుమనే చప్పుడు వింటూ నేను చదువుకున్నాను.

కాలేజీలో ఒకరోజు మాస్టారు, ఏళ్ల తరబడి దారం కొరికేవాళ్ల ముందుపళ్లకి గాట్లు పడతాయని చెప్పి బొమ్మ చూపించారు. ఇంటికొచ్చి "ఏదక్కా, నోరు తెరు" అన్నాను. తెరిచింది. అచ్చం ఆ బొమ్మే. నేను భోరుమన్నాను. అక్క టక్కున నోరు మూసేసింది. "ఏడ్చే డాక్టరుకి నేను నోరు చూపించనే. నీకు ఏడుపు రాని రోజు చెప్పు, చూపిస్తాను" అంది. అంతే, మళ్లీ చూపించలేదు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఊళ్లోవాళ్లందరి నోళ్లూ చూశాను, నా నోట్లో ముద్ద పెట్టిన మనిషి నోరు చూడలేకపోయాను. ఉద్యోగమంతా ఆ బాధ నాతోనే ఉంది, ఇవాళ దాచదలచుకోలేదు.

మొన్న అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ టీ తాగి మూతి పట్టుకుని కూర్చుంటోంది, ఎంతసేపటికీ తగ్గట్లేదు. నీకు చెప్పొద్దంది" అని. ఇందాక మీకు చెప్పిన లక్షణమే. గాటు దగ్గర పన్ను బీట తీసిందేమో, చూడకుండా చెప్పలేను. ఇప్పుడు రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలవొచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే పీకాల్సి వస్తుంది. ఆ పన్ను పోవడం నాకిష్టం లేదు. నా చదువంతా దాని మీదే నడిచింది.

ఇంట్లో అడిగితే "చూద్దాంలే" అని వంటగదిలోకి వెళ్లిపోతుంది. పదిమందిలో మాత్రం చెల్లెలి మాట ఏనాడూ తీసెయ్యలేదు. అందుకే సూపరింటెండెంట్ గారూ, మీ సభని నా స్వార్థానికి వాడుకుంటున్నాను. రేపటి నుంచి ఆ కుర్చీ కొత్త డాక్టరమ్మది. మంచి చెయ్యి ఆ అమ్మాయిది, నేను మొదలుపెట్టింది చక్కగా పూర్తిచేస్తుంది. కానీ ఈ సాయంత్రం దాకా ఆ కుర్చీ నాది. అక్కా, గ్లాసు పక్కన పెట్టి రా.

(మూడో వరుసలోంచి ఒక గొంతు: "ముందు ఏడవనని చెప్పవే!")

ఆ మాట ఇవ్వలేనక్కా. మాస్కు పెట్టుకుంటాను, నీకు కనబడదు.

(నవ్వులు. మూడో వరుసలో ఆవిడ గ్లాసు కుర్చీ కింద పెట్టి లేచారు.)

కాంపౌండర్ గారూ, మీరు వెళ్లి లైటు వెయ్యండి. ఇన్నేళ్లు నన్ను నమ్మి నోరు తెరిచిన మీ అందరికీ నా కృతజ్ఞతలు. టీ వస్తోంది, కాస్త చల్లారాక తాగండి. నేను ఆగలేను, పేషెంటు వచ్చింది. సెలవు.