గేదె చెవిలో చెప్పిన నిజం

బాలకోటయ్యని ఒకాయన ఉండేవాడంట. పురాణం చెప్పే శాస్తుర్లుగారొకాయన ఊళ్లోకొచ్చి సత్యం గొప్పదని చెప్తే, ఈయన జనంలోంచి లేచి, ఇక చచ్చేదాకా నా నోట అబద్ధం రాదని ఒట్టేసుకున్నాడంట. ఒట్టు ఆయనది, శని ఊరికి పట్టింది. చావింటికి పోయి, ఏడ్చేవాళ్ల మధ్య కూచొని, "పోయినాయన ఉత్త పిసినారి" అన్నాడంట. నిజమే అనుకో, అయితే మాత్రం?

ఇట్టుండగా ఏమైందంటే, వాళ్ల గేదె ఈనింది. దూడ రెండో రోజే చచ్చిపోయింది. గేదె పాలు చేపదు, చుక్క కిందికి దిగనీదు, దగ్గిరికెళ్తే తన్నుద్ది. పొదుగు రాయయింది, జొరమొచ్చి మేత మానేసింది, అరుపే అరుపు. ఆరోజే పక్కింటి సామ్రాజ్యం గేదె పాము కరిచి చచ్చింది. దాని పెయ్యదూడ పాలకి అల్లాడతంది. బాలకోటయ్య పెళ్లాం అంకమ్మ ఏంచేసిందంటే, చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఆ పెయ్య ఈపున కప్పి, తాళ్లతో కట్టింది. గేదె వాసన చూసింది, నాకింది, చేపింది. పెయ్య కుడస్తా ఉంటే అంకమ్మకి కళ్లెంట నీళ్లు.

బాలకోటయ్య ఊరుకుంటాడా? "ఏమే, నా కొట్టంలో మోసమా?" అన్నాడు. "రెండు పానాలు నిలబడ్డయ్ మామా, నోరు మూసుకో" అంది. "రేపది నన్నడిగితే?" అన్నాడంట. గేదె అడుగుద్దంట, విన్నారా! అంతటితో ఆగాడా, పోయి దాని చెవిలో, "అమ్మా, ఇది నీ బిడ్డ కాదు, సామ్రాజ్యం వాళ్లది" అని చెప్పేశాడు. గేదె తల ఒక్క ఇసురు ఇసిరింది. ఈయన పోయి పేడదిబ్బలో పడ్డాడు.

మూడోరోజుకి తోలు కంపు కొడతంటే అంకమ్మ భయంభయంగా ఇప్పేసింది. బాలకోటయ్య నడుం పట్టుకొని చూస్తన్నాడు. గేదె ఉత్త పెయ్యని వాసన చూసింది. కాసేపు ఆగింది. మళ్లా నాకటం మొదలెట్టింది.

ఈయన కుంటుకుంటా శాస్తుర్లుగారి దగ్గిరికి పోయి, "సామీ, అబద్ధం మా ఆడదాందైతే, అది నిజమెట్టయింది?" అన్నాడు. "నాయనా, నీది నోటితో చెప్పే నిజం, ఆమెది చేత్తో చేసే నిజం. గేదెని తల్లిని చేసింది, అది తల్లయింది." "మరి నా ఒట్టో?" "ఉంచుకో. నోరు తెరిచే ముందు మాత్రం అంకమ్మనడుగు" అన్నాడంట.

అడిగేవాడు. పదిసార్లకి తొమ్మిదిసార్లు ఆమె వద్దనేది. ఊరు సల్లబడింది. గేదె మోసపోయిందంటారా? మీరు గేదెని మేపినోళ్లు కాదు. దానికి మొదట్రోజే తెలుసు, ఎవరికీ చెప్పలా, అంతే.