చప్పుడు కాని తలుపు

రిహార్సల్ గదిలోంచి మిగతావాళ్లు టీకి వెళ్లారు. డ్రమ్స్ వెనక ఆమె, మైకు ముందు అతను మిగిలారు. విడాకులైనా బ్యాండు మాత్రం ఇద్దరూ వదల్లేదు. ఇప్పుడు వాయించాల్సింది, ఆ విడాకుల మీద అతను కట్టిన పాట.

"ఇది నేను వాయించను."

"రేపు రికార్డింగ్ పెట్టుకుని ఇప్పుడా చెప్పేది? నీ పేరెక్కడా లేదుగా అందులో."

"పేరొక్కటే తక్కువ. 'తలుపు ధడేల్‌మని వేసి పోయావు' అంటావా? నేనలా వేశానా?"

"రాక్ పాట తల్లీ ఇది! అక్కడ డ్రమ్ము అదిరిపోవాలి."

"డ్రమ్ము సంగతి నాకు చెప్పకు. విన్నవాళ్లంతా నన్ను గయ్యాళి అనుకోవాలి, అంతేగా నీకు కావాల్సింది?"

"మరేం రాయమంటావు? చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి పోయావని రాయనా? జోలపాట అవుతుంది."

ఆమె చేతిలో కర్రలు ఆగిపోయాయి.

"చెప్పులు చేత్తో పట్టుకున్నానని నీకెవరు చెప్పారు?"

అతను మైకు తీగ సర్దుకోసాగాడు.

"నిన్నే అడిగేది. ఆ తెల్లవారుజామున నువ్వు గురకపెట్టి నిద్రపోతున్నావు కదా?"

"నిద్రపోలేదు. ఊరికే కళ్లు మూసుకున్నా."

"గుమ్మంలో అంతసేపు నిలబడిపోయాను. అదీ తెలుసా?"

"తెలుసు."

"ఒక్క పిలుపు పిలిస్తే ఆగిపోయేదాన్ని."

"అదీ తెలుసు. అందుకే పిలవలేదు."

ఆమె కర్రలు సవరించుకుంది.

"ఆ ముక్క రాయి పాటలో. అప్పుడు చూడు, డ్రమ్ము ఎలా అదిరిపోతుందో."