ముందు కాళ్ళు లేని డ్రాగన్

"ఏవండీ! డ్రాగన్ ముందు కాళ్ళు రెండూ ఎవరో కోసుకుపోయారండీ!"

"ఆఁ?"

"ఆఁ ఏంటి, ఆఁ! ఆ పేపరు పక్కన పడేసి ఇలా రండి. రాత్రి కుట్టు మిషను పక్కనే పడుకోబెట్టాను. ఇప్పుడు చూడండి, మోకాళ్ళూ లేవు, గోళ్ళూ లేవు. సాయంత్రం లైబ్రరీలో మన డ్రాగన్ ఆట చూడ్డానికి పిల్లలంతా వచ్చి కూర్చుంటారు. నేనేం మొహం పెట్టుకుని వెళ్ళను?"

"కంగారుపడకు. తనే రాల్చుకుందేమో. బల్లి తోక వదిలెయ్యదూ? మళ్ళీ మొలుస్తాయి."

"సాయంత్రం లోపు మొలుస్తాయా, సైన్సు మాస్టారూ?"

"అదీ... దాని వయసుని బట్టి ఉంటుంది."

"వయసా? మొన్నే కదండీ, పాత కర్టెన్లు కత్తిరించి నేనే కన్నాను!"

"అసలు చెప్పనా, నాకిలాగే బాగుంది. ఎముకలున్న ఏ జంతువునైనా తీసుకో. కప్ప, కాకి, గాడిద, నువ్వు, నేను. అందరికీ నాలుగే. అన్నీ ఒకప్పటి చేప రెక్కలే. పక్షికి ముందు కాళ్ళే రెక్కలయ్యాయి, గబ్బిలానికీ అంతే. నువ్వేమో నాలుగు కాళ్ళు పెట్టి, పైన మళ్ళీ రెండు రెక్కలు తగిలించావు. మొత్తం ఆరు! అలాంటిది ఎముకల జాతిలోనే లేదు. వెళ్ళి పురుగుల్లో వెతుక్కోవాలి."

"నా డ్రాగన్‌కి బొద్దింకలతో చుట్టరికం కలుపుతారా!"

"దూరపు చుట్టరికమేలే."

"మరి నిప్పో? అదెవరి పోలిక?"

"అది నెమరువేసే వాళ్ళ వైపు నుంచి. ఆవు కడుపులో గ్యాసు పుట్టదూ? అది నోట్లోకి వచ్చినప్పుడు పళ్ళు టకటకమని కొడితే చాలు, భగ్గుమంటుంది."

"మీ తమ్ముడు భోంచేశాక భగ్గుమనడేం?"

"వాడికి ముందు పళ్ళు లేవుగా."

"చాల్లెండి. నాకిప్పుడు నవ్వు రావట్లేదు."

"నా మాటలకి నీకెప్పుడొచ్చింది గనక."

"ఏమన్నారు?"

"ఏం లేదు. గోళ్ళు... గోళ్ళు బాగా కుట్టావు అన్నాను."

"లేని గోళ్ళని మెచ్చుకోకండి. కాంపౌండరన్నయ్యకి ఏం చెప్పను? లోపల దూరితే తలా ముందు కాళ్ళూ ఆయనవి, మధ్యలో రెక్కలు నావి, వెనక కాళ్ళు మీవి. పాపం, ఆయన మందుల షాపులో కూడా డ్రాగన్ నడకే నడుస్తున్నాడట."

"అతన్ని రావద్దని చెప్పేద్దాం. తల నువ్వే పెట్టుకో. ఇద్దరం చాలు."

"ఓహో. ఇద్దరం చాలా?"

"అంటే, గబ్బిలం లెక్క ప్రకారం..."

"ఆగండాగండి. మొన్న పాఠం తయారుచేసుకుంటూ నాకు వల్లించారే, ఏదో పురుగు, ఎవరైనా మీదికొస్తే కాగిన ద్రవం చిమ్ముతుందని! దానికెన్ని కాళ్ళు?"

"అది వేరే విషయం."

"ఎన్ని?"

"...ఆరు."

"అదిగో! మంట చిమ్మే గుణం వాళ్ళ వంశంలోనే ఉంది. అంటే మీ సైన్సు ప్రకారమే నా డ్రాగన్‌కి ఆరూ ఉండొచ్చు. ఇంక ఆ సాకు కూడా పోయింది. అసలు సంగతి చెప్పండి."

"నాకేం తెలుసోయ్! దొంగెవడో..."

"ఆ దొంగ దూది రాలకుండా కోసిన చోట కుట్లు కూడా వేసి వెళ్ళాడు. ఇలా చూడండి. ఇది నా కుట్టు కాదు. బళ్ళో చచ్చిన పక్షుల్లో దూది కూరి మీరు వేసే కుట్టు ఇది."

"అలాంటి కుట్టు ఎవరైనా వేస్తారు."

"కాళ్ళెక్కడ?"

"బళ్ళో, ల్యాబులో. తెల్లారకముందే వెళ్ళి పెట్టొచ్చాను. అస్థిపంజరం వెనకాల."

"నా మీద ఏం కోపమండీ మీకు? రాత్రీ పగలూ కూర్చుని కుట్టుకున్నాను!"

"కోపం కాదు."

"మరి?"

"నేనే కోశాను. రిహార్సల్లో ఆ తల్లో దూరి కాంపౌండరు ఏదో అంటాడు, నువ్వు పగలబడి నవ్వుతావు. వెనక తోక దగ్గర నడుం వంచి నిలబడ్డ నాకు అతని జోకు వినపడదు, నీ నవ్వొక్కటే వినపడుతుంది. నువ్వలా నవ్వగలవని నాకింతవరకూ తెలీదు. ముందెవరూ లేకపోతే, వెనక నుంచి నేనేదైనా అంటే... నా మాటక్కూడా ఒకసారి అలా నవ్వుతావేమోనని."