శనివారం ఆరింటి వంతు

ఫిన్లాండులోని కువోపియో ఆసుపత్రిలో డాక్టరు గది దాటీ దాటగానే, ముసలావిడ మొగుడి మంచం దగ్గరికి కుర్చీ లాక్కుంది.

“విన్నావుగా? రాయి అడ్డుపడి మూత్రనాళం మూసుకుపోయింది. వీపులోంచి గొట్టం వేస్తేనే కిడ్నీ దక్కుతుందట.”

“వీపుకి గొట్టం వేలాడుతుంటే సౌనా ఆవిరిగదిలో కూర్చోనివ్వరు. మూత్రం దారిలోంచే, బయటికి కనపడకుండా వేయమను.”

“పొద్దున వేయబోతే రాయి దాటనివ్వలేదు కదయ్యా.”

“అయితే ఏదీ వద్దు. కిడ్నీలు రెండున్నాయి, మన బిల్డింగుకి సౌనా ఒక్కటే. శనివారం ఆరింటి వంతు కోసం ఎన్నేళ్లు కాచుకున్నాం? మానేస్తే ఎవరో తన్నుకుపోతారు.”

“ఆ దిగులు నీకక్కర్లేదు. పొద్దున్నే పైవాటా తౌనోకి ఇచ్చేశాను.”

ఆయన దిండు మీద నుంచి తలెత్తాడు.

“తౌనోకా? వాడికి ఆవిరి పుట్టించడమే రాదు.”

“డాక్టర్ని పిలవనా?”

“పిలువు. వీపుకే వేయమను. ఇప్పుడు తెలుస్తోంది నొప్పి.”