మానేసిన సిగరెట్లు

అది కాదు తల్లీ, నా సంగతి మీ కంప్యూటరు నాకే చెప్తుందా అని అడుగుతున్నాను. స్కాన్ అన్నావు, పడుకున్నాను. ఊపిరి బిగబట్టమన్నావు, బిగబట్టాను. ఇప్పుడేమో నా సిగరెట్ల సంగతి తేలలేదని మళ్లీ పిలిచి కూర్చోబెట్టావు.

నాకర్థమైంది చెప్తాను, తప్పయితే దిద్దు. నా ఊపిరితిత్తిలో గడ్డుంది. కేన్సరే. సరే. ఫోటోల్లో దాని అంచూ నేతా చూసి, లోపల ఫలానా జన్యువు మారి ఉంటుందని మీ కంప్యూటరు పసిగడుతుంది. నలభై ఏళ్లుగా దర్జీని నేను. చొక్కా మీంచి చూసి లోపలి బనియను రంగు చెప్పినట్టుంది ఈ వ్యవహారం.

ఆ మార్పుంటే రోజుకో మాత్రతో నడిచిపోవచ్చు. లేకపోతే సెలైన్ సీసాలు, వాంతులు, ఉన్న నాలుగు వెంట్రుకలూ గోవిందా. సూదితో తీసిన ముక్క పిసరంత, ఒక్క పరీక్షకే సరిపోతుంది. ఏ పరీక్షన్నది ఈ అంచనాని బట్టే. అంతేగా?

మరి ఫోటోలు చూసి ఉందంటోంది, ఫారం చూసి లేదంటోంది. పొగ ముట్టనివాళ్లలోనే ఆ మార్పు ఎక్కువట. ఫారంలోనేమో రోజుకి రెండు పెట్టెలు, పదేళ్లు. మా ఆవిడ రాసింది. బడిలో టీచరు. పిల్లల హాజరైనా సరే, అనుమానముంటే పెన్సిల్‌తో పెట్టి, రూఢి అయ్యాకే పెన్నుతో దిద్దుతుంది. అలాంటి మనిషి రాసిందాన్ని నీ మిషను కాదంటుందా?

ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి. ఆవిడ బయట బెంచీ మీదే ఉంది.

నేను సిగరెట్టు తాగలేదు తల్లీ. ఒక్కటీ తాగలేదు. ఒకసారి నోట్లో పెట్టుకున్నాను గానీ, వెలిగించేలోపే అగ్గిపుల్ల జారి కస్టమరు కోటుకి చిల్లు పడింది. నవ్వకు.

పెళ్లైన కొత్తలో ఏదో గొప్పకి, ‘నీకోసం రోజుకి రెండు పెట్టెలు మానేశాను’ అన్నాను. ఆవిడ కళ్లనిండా నీళ్లు. అవి చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. టీవీ కొనాలన్నా, వాళ్లన్నయ్య ఇంటికి వెళ్లకుండా తప్పించుకోవాలన్నా, ‘నీకోసం సిగరెట్లే మానేసినవాణ్ణి’ అంటే చాలు, మారుమాట ఉండేది కాదు. ముప్పై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాను. మొన్న గడ్డ బయటపడ్డప్పుడు కూడా, ‘అప్పుడే మానేశారు కాబట్టి ఇన్నాళ్లు నిలబడ్డారు’ అంది. ఆవిడకేం చెప్పను?

నాకు బతకాలని ఉంది. భయంగా కూడా ఉంది. కానీ ఆ భయం ఒక ఎత్తు, ఆవిడ ముందు ఈ మాట అనడం ఒక ఎత్తు.

ఓ పని చెయ్యి. గుట్టుగా ఆ ఒక్క వరసా కొట్టేసి సున్నా పెట్టేయ్. కొట్టివేత కనబడుతుందేమో. ఏదీ, ఆ ఫారం ఇలా ఇవ్వు. ఉండు, కళ్లజోడు.

పేరు పెన్నుతో ఉంది. వయసు పెన్నుతోనే. చిన్నప్పుడెప్పుడో వచ్చిన టైఫాయిడ్ కూడా పెన్నుతోనే.

రెండు పెట్టెలు, పదేళ్లు... ఇదేంటి, పెన్సిలా?

అంటే తెలుసన్నమాట. ఎప్పట్నుంచో తెలుసు. మరి ఆ టీవీ ఎందుకు కొననిచ్చినట్టు?

సర్లే. నీ దగ్గర రబ్బరుందా? వద్దులే, ఆవిడ బ్యాగులోనే ఉంటుంది. తలుపు తియ్యి, వెళ్లి అడుగుతాను.