దిండు పైలట్

ఏమడిగావు, మీ తాత మొదటి రోజు నుంచే విమానం అంత బాగా నడిపేవాడా అనా? నవ్వొస్తోందే నాకు. కూర్చో, ఆ బట్టల మూట పక్కకి జరిపి కూర్చో, సూదులుంటాయి, చూసుకో. నీకూ పైలట్ శిక్షణకి ఆర్డరు వచ్చిందని మీ నాన్న చెప్పాడులే, వచ్చే నెలే చేరాలటగా. మేనత్తా, మేనత్తా అంటూ ఫోనులో వాడు ఎగిరి గంతేస్తున్నాడు, నువ్వేమో ఇలా గోళ్లు కొరుక్కుంటున్నావు. కొరుక్కో, తప్పేం లేదు. మీ తాత కూడా కొరికేవాడు. అసలు మా తమ్ముణ్ణి వైమానిక దళంలోకి తీసుకోవడమే వెంట్రుకవాసిలో జరిగింది. పొట్టివాడు కదా, ఇంట్లో అందరం బుడ్డోడా అనే పిలిచేవాళ్లం, మా అమ్మ పోయేదాకా అలాగే పిలిచింది, అప్పటికి వాడి కింద మూడొందల మంది పనిచేస్తున్నారు. సరే, ఏం చెప్తున్నాను, ఎత్తు. పొద్దున నిద్ర లేచినప్పుడు మనిషి కాస్త పొడుగ్గా ఉంటాడని, పొద్దెక్కేకొద్దీ కుంగుతాడని వాడికెవరో చెప్పారట. నిజమేనట అది. ఎత్తు కొలిచే రోజున రైలు దిగి, ఆ ఆఫీసు వరండాలో బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. పేరు పిలిచేదాకా లేవలేదు. కాఫీ తాగమంటే పడుకునే తాగాడు, చొక్కా అంతా ఒలికింది. ఆ కాఫీ మరకతోనే వెళ్లి నిలబడ్డాడు. కొలిచినాయన స్కేలు చూసి, వీడి మొహం చూసి, మళ్లీ స్కేలు చూసి, "సరే పో" అన్నాడట. అలా చేరాడు మీ తాత.

చేరాక మొదలైంది అసలు సంగతి. ఆ శిక్షణ విమానంలో సీటు పైకీ కిందికీ జరుపుకోవచ్చట, మెట్లు మెట్లుగా. వీడు చివరి మెట్టుకి తెచ్చినా ముందున్న ముక్కు దాటి ఏమీ కనపడదు. వెనకాల కూర్చుని నేర్పే గురువు ఒకాయన ఉండేవాడు, ఆయన గొంతుకి పిల్లలు ఉరుము అని పేరు పెట్టారు. ఆయన "ఏమయ్యా, విమానం నడుపుతున్నావా, బావిలోంచి తొంగి చూస్తున్నావా?" అన్నాడట. ఆ వారం ఉత్తరంలో నాకు ఒకటే మాట. అక్కా, పదహారు అంగుళాల చదరం, నాలుగు వేళ్ల ఎత్తు, గట్టి దిండు ఒకటి కావాలి. అంతే. ఎందుకో లేదు, ఏమిటో లేదు. నేను అప్పటికి ఈ షాపు పెట్టి రెండేళ్లు. మందపాటి కాన్వాసు గుడ్డ తెచ్చి, రెండు వరసలు కుట్టేసి, ఒక పక్క బొత్తాలు పెట్టి, దూది కూరి పంపాను. అది చంకలో పెట్టుకుని విమానం దాకా నడిచేవాడట రోజూ. ఇంకేముంది, తోటివాళ్లు దిండు అని పేరు పెట్టేశారు. దిండు వచ్చాడు, దిండు భోంచేశాడా, దిండుకి జ్వరం. తర్వాత్తర్వాత పెద్ద ఆఫీసరయ్యాక కూడా దిండు సారే. మీ నానమ్మకి పెళ్లయిన కొత్తలో ఆ పేరు నచ్చేది కాదు, పాపం.

వాంతులు? ఆ, అయ్యాయి. దాచడమెందుకు. మొదటి పదకొండు రోజులూ పైకి వెళ్లడం, కాగితం సంచి నింపుకు దిగడం. ఉరుము ఏమీ అనేవాడు కాదట, "సంచి నువ్వే కడుక్కో" అనేవాడట, కాగితం సంచి ఎక్కడైనా కడుగుతారా. పన్నెండో రోజున పొట్ట దానంతటదే సర్దుకుంది. ఆ తర్వాత ఒక గురువారం ఉరుము రన్‌వే పక్కన విమానం ఆపించి, వెనక సీటులోంచి దిగిపోయి, "ఒక చుట్టు తిరిగి రా, నేనిక్కడ గడ్డిలో కూర్చుంటాను" అన్నాడట. ఒంటరిగా మొదటిసారి. పైకి వెళ్లాక వెనక సీటు ఖాళీగా ఉందని గుర్తొచ్చి వీడు గట్టిగా పాట పాడుకున్నాడట. పాటంటే వాడికి రాదు, ఆ గాడిద గొంతు ఆకాశంలో కాబట్టి సరిపోయింది. బ్రహ్మాండంగా దించాడు. దిగగానే అందరూ వచ్చి మీద నీళ్లు గుమ్మరించి, వాళ్లదో ఆచారంలే, చొక్కా వెనక ముక్క కత్తెరతో జర్రున కోసి, తారీఖు రాసి గోడకి కొట్టారు. ఆ చొక్కా నేను కుట్టిందే. మంచి గుడ్డ. ఆ సంగతి ఉత్తరంలో చదివి నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది, అందులో ఏది ఎందుకో నాకే తెలీలేదు. షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను, మా తమ్ముడు ఒక్కడే నడిపాడు, చొక్కా చింపేశారు అని. వాళ్లకి ఏం అర్థమైందో.

ఆ తర్వాత వారం రోజులు సెలవు ఇచ్చారు, ఇంటికొచ్చాడు. ఇదిగో, ఈ కుట్టుమిషను ముందే, ఈ కుర్చీలోనే. దిండు వేసుకుని కూర్చునేవాడు, మోకాళ్ల మధ్య నా గజం కర్ర నిలబెట్టుకునేవాడు, కాళ్లు మిషను తొక్కుడు మీద. కళ్లు మూసుకుని పెట్రోలు చూశాను, తలుపు బిగించాను, ఎదురుగాలి, ఎడమకి తిప్పుతున్నా, దిగుతున్నా, అని గొణుక్కుంటూ మొత్తం ప్రయాణం చేసేవాడు. నిజం విమానంలో ఎంతసేపు పడుతుందో అంతసేపూ. ఒకావిడ కొలతలిద్దామని వచ్చి, వీణ్ణి చూసి, "మీ తమ్ముడికి ఒంట్లో బాగుందా అమ్మా" అని గుసగుసగా అడిగింది. వాడు ఇప్పుడు దిగుతున్నాడు, రెండు నిమిషాలు ఆగండి అన్నాను. ఆవిడ ఇంక రాలేదు.

అప్పుడు చూశాను దిండుని. నాలుగు నెలలు దాని మీద కూర్చుని కూర్చుని అప్పచ్చిలా అణిగిపోయింది. నా కళ్లకి అది ఆగుతుందా చెప్పు. కుట్టేదాన్ని, నా తమ్ముడు అంత అణిగిపోయిన దాని మీద కూర్చోవడమా. మధ్యాహ్నం వాడు కునుకు తీస్తుంటే బొత్తాలు విప్పి, కొత్త దూది దట్టించి, మళ్లీ మునుపటిలా చేసి పెట్టాను. వాడికి చెప్పనైనా లేదు. కూర్చున్నాక మెత్తగా ఉంటే వాడే సంతోషిస్తాడులే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే బండెక్కాడు.

వెళ్లాడా, అక్కణ్ణించి ఉత్తరాలు మారిపోయాయి. దించడం రావట్లేదక్కా అని. వచ్చిన విద్య పోయిందక్కా అని. అంతకుముందు పూవులా దించినవాడు, ఇప్పుడు దింపబోతే విమానం తేలిపోతోందట, పైకి లేచి, వేగం పోయి, దబ్బున పడి, మళ్లీ ఎగిరి, మళ్లీ పడి. ముక్కు కిందికి వాలుతున్నట్టు అనిపిస్తోంది, అందుకని లాగుతున్నాను, లాగితే ఇలా అవుతోంది అని రాశాడు. ఉరుముకి కూడా అర్థం కాలేదు. "సెలవుల్లో ఎవరైనా మందు పెట్టారా నీకు?" అన్నాడట. పరీక్ష పెట్టారు, తప్పాడు. ఇంకోటి పెట్టారు, అదీ తప్పాడు. వాళ్ల దగ్గర లెక్క ఏమిటంటే మూడోది ఆ శిక్షణ కేంద్రం పెద్దాయన స్వయంగా పెడతాడు, అదీ పోతే పెట్టె సర్దుకోవడమే, ఇంక జన్మలో పైకి వెళ్లనివ్వరు. సోమవారం పొద్దున పరీక్ష అని రాశాడు. కింద ఒక మాట, నాన్నకి ఇప్పుడే చెప్పొద్దక్కా అని. నాలుగు రోజులు గుండెలు చేత్తో పట్టుకుని మిషను తొక్కాను.

సోమవారం పొద్దున్నే ఒకావిడ పొడుగు గౌను పట్టుకుని దెబ్బలాటకి వచ్చింది. "కొలిచిన రోజు నేలదాకా ఉంది, ఇప్పుడు చీలమండలు కనపడుతున్నాయి, గుడ్డ కొట్టేశావా" అని. నేను గౌను చూడలేదు, ఆవిడ కాళ్లు చూశాను. కొలతల రోజు చెప్పులతో వచ్చింది, ఆ రోజు ఎత్తు మడమల బూట్లు. అమ్మా, గౌను అంతే ఉంది, మీరు లేచారు అన్నాను. ఆ మాట అన్నానో లేదో నాకు దిండు గుర్తొచ్చింది. గౌను అంతే ఉంది, మనిషి లేచింది. విమానం అంతే ఉంది, నా తమ్ముడు లేచాడు. నేనే లేపాను. ఎత్తు మీద నుంచి చూస్తే ముక్కు కిందికి ఉన్నట్టు కనపడదూ మరి? ఆవిణ్ణి, గౌనునీ అలాగే వదిలేసి మూల మీద మందుల షాపుకి పరిగెత్తాను, ఈ వీధికంతా ఫోను అదొక్కటే. అప్పట్లో నెంబరు నొక్కితే పలికే ఫోన్లు కావు, ఆపరేటరమ్మని బతిమాలాలి. ఆవిడ కలిపేసరికి అరగంట. అక్కడ ఎత్తింది ఒక గుమాస్తా, నత్త కూడా నయం. "ఎవరు కావాలీ... దిండా... దిండు అనే ఆఫీసరు ఎవరూ లేరండీ." అసలు పేరు చెప్పాను. "వారు మైదానంలో ఉన్నారండీ. సందేశం చెప్పండి, రాసుకుంటాను." దిండులో కొత్త దూది తీసెయ్యమనండి, పాత ఎత్తుకి తెచ్చుకోమనండి, అక్క చెప్పింది. "దూ...ది... దెబ్బేమైనా తగిలిందాండీ?" లేదు నాయనా, దెబ్బ తగలకుండా ఉండాలనే. "దూదికి దీర్ఘమాండీ?" నీకు పుణ్యముంటుంది, ఎలాగోలా రాసి, పరిగెత్తు అన్నాను. పరిగెత్తలేనండీ, మోకాలు నొప్పి అన్నాడు. ఒట్టు, అలాగే అన్నాడు.

శుక్రవారం ఉత్తరం వచ్చింది. అక్కా, పాసయ్యాను, పెద్దాయన దిగి నా చెయ్యి ఊపాడు, నీ ఫోను రాకపోతే ఈపాటికి పెట్టెతో ఇంట్లో ఉండేవాణ్ణి, అని. అంతే, ఇంక నన్ను పట్టుకునేవాళ్లెవరు? ఆ ఉత్తరం షాపు గోడకి గుండుసూదితో గుచ్చాను. ఆ తర్వాత వాడు తలకిందులుగా నడపడం నేర్చాడు, విమానాన్ని గింగిరాలు తిప్పి సర్దుకోవడం నేర్చాడు, రెక్కకి రెక్క ఆనించి నలుగురు కలిసి ఎగరడం నేర్చాడు, ఏ ఒక్క పరీక్షా తప్పలేదు. చివర్లో ఛాతీ మీద రెక్కల బిళ్ల పెట్టే రోజున అమ్మా నాన్నా నేనూ వెళ్లాం. అందరికంటే పొట్టివాడు కదా, వరసలో చివర నిలబెట్టారు, అయితేనేం, మా నాన్న కళ్లు వాడి మీద నుంచి తిరగలేదు. బస్సు నడిపి నడిపి వంగిపోయిన మనిషి ఆ రోజు నిటారుగా నిలబడ్డాడు. తర్వాత వీడు నన్ను ఉరుము దగ్గరికి లాక్కెళ్లి, "సార్, మా అక్క, ఫోను చేసిన అక్క" అన్నాడు. ఆయన ఒక్క క్షణం వీడి మొహంలోకి చూశాడు. ఆ ఫోను సంగతి ఆయన మర్చిపోయాడేమో అనుకుని సిగ్గుపడ్డాను. తర్వాత నాకు సెల్యూట్ కొట్టాడు తల్లీ, నాకు. "మీరు చెప్పకపోతే మాకొక మంచి పైలట్ దక్కేవాడు కాదమ్మా" అన్నాడు. అంత గొంతున్న మనిషి, నెమ్మదిగా అన్నాడు.

మరి నేను చెప్పుకోనా? ముప్ఫై తొమ్మిదేళ్లు చెప్పుకున్నాను. వాడు యుద్ధ విమానాలు నడిపినప్పుడు చెప్పాను, వాడే గురువై పిల్లలకి నేర్పినప్పుడు చెప్పాను, వాడు పక్కనుండగా కూడా చెప్పాను. "అవును, అక్కే పాస్ చేయించింది" అనేవాడు, ప్రతిసారీ, మొదటిసారి వింటున్నట్టు తలూపుతూ. వాడు పోయిన ఏడాదికి మీ నాన్న ఒక రేకు పెట్టె తెచ్చి ఇక్కడ పెట్టాడు, వాడి శిక్షణ నాటి నోటు పుస్తకాలు. వాడి చేతిరాత చూద్దామని తీశాను. ఆదివారం తారీఖు వేసి రాసుకున్నాడు. టోపీ నెత్తి మీద కొత్తగా గీతలు పడ్డాయి, విమానం పైకప్పు అద్దానికి రాసుకుంటోంది, సెలవుకి ముందు రాసుకునేది కాదు అని. భోజనం మానేసి ఒక్కడూ వెళ్లి, ఆపి ఉన్న విమానంలో కూర్చున్నాడట. ఇంతకుముందు ముక్కు మీద ఒక మేకు వరస దగ్గరికి, దూరంగా ఆకాశాన్ని తాకే నేల అంచు వచ్చేదట, ఇప్పుడు రెండు వేళ్లు పైకి పోయింది. దిండు బొత్తాలు విప్పి, గుప్పెడు తీసి కూర్చుని చూడడం, ఇంకో గుప్పెడు తీసి చూడడం. మూడు గుప్పెళ్లకి సరిపోయింది అని రాశాడు. ఆదివారమే తల్లీ. నేను ఫోను చేసింది సోమవారం. ఆ గుమాస్తా రాసిన చీటీ కూడా ఆ పుస్తకంలోనే అంటించి ఉంది, దూదికి దీర్ఘం లేకుండా. వాడు పరీక్ష పాసై దిగి, భోంచేశాక వచ్చింది చీటీ. ఉరుముకి తెలుసు. తెలిసే సెల్యూట్ కొట్టాడు.

చీటీ కింద ఒక్క వరస రాసుకున్నాడు. దూది అక్కే పెట్టింది, ఇది తెలిస్తే ఏడుస్తూ కూర్చుంటుంది, ఫోను వల్లే పాసయ్యానని రాస్తాను. అంతే. ఇరవై ఏళ్లవాడు, అప్పుడే మరణగండం దాటి వచ్చినవాడు, ముందు నా ఏడుపు గురించి ఆలోచించాడు. వాడు ఆ మాట రాయకపోయుంటే నేను ఏమయ్యేదాన్ని చెప్పు, తమ్ముడి బతుకులో దూది కూరిన అక్కని. అలా ఉండనివ్వలేదు నన్ను. నాకు మొదట కోపమొచ్చింది, పెట్టె మూత ఠపీమని వేశాను. తర్వాత ఆ రోజంతా షాపు తియ్యలేదు. నువ్వు కూడా అలాంటి వంశంలో పిల్లవి, గోళ్లు కొరుక్కున్నా పరవాలేదు, నీ సీటులో నువ్వు కూర్చుని నీ కళ్లతో నువ్వు చూసుకో, ఎవరూ చెప్పక్కర్లేదు. ఏంటీ? మరి ఇప్పుడు ఏం చెప్తున్నానా అందరికీ? ఏం చెప్తాను... ఉండు, ఎవరో వస్తున్నారు. రండి రండి, మీ జాకెట్టు సిద్ధం, ఒక్క బొత్తమే మిగిలింది, కూర్చోండి. ఈ పిల్లా? మా తమ్ముడి మనవరాలండీ, పైలట్ అవబోతోంది. ఆ, ఆ తమ్ముడే, నేను ఫోను చేసి పాస్ చేయించానే, వాడే.